పాతిన అనూబియాస్ బతికింది, కట్టినవి కుళ్లిపోయాయి. ఎక్కడ తప్పు చేశాను?

మొదటితొట్టి (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. 60 లీటర్ల తొట్టి, పెట్టి మూడు నెలలైంది. చేపలతో ఏ ఇబ్బందీ లేదు. మొక్కల దగ్గరే తంటా అంతా.

మూడు వారాల కింద బాగా ముదిరిన అనూబియాస్ నానా (నీళ్లలో పెరిగే తొట్టి మొక్క) ఒకటి తెచ్చాను. రైజోమ్, అదే ఆకులకీ వేళ్లకీ మధ్య ఉండే లావుపాటి దుంప లాంటిది, నా చూపుడు వేలికన్నా పొడవుంది. ఒక్క మొక్కను నాలుగు చేసుకుందామని ఆశపడి నాలుగు ముక్కలు కోశాను. రెండూ మూడూ డ్రిఫ్ట్‌వుడ్ (తొట్టిలో పెట్టే కొయ్య) మీద నైలాన్ దారంతో కట్టాను. ఒకటోది రాయికి సూపర్‌గ్లూతో అంటించాను. నాలుగోదాన్ని గులకరాళ్లలో పాతేశాను, రైజోమ్ పాతకూడదని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక రోజూ దానివైపే చూస్తున్నాను, ఎప్పుడు పోతుందా అని.

పోయింది అది కాదు! కొయ్య మీద కట్టిన రెండు ముక్కలకీ ఆకులు ఊడి నీళ్ల మీద తేలుతున్నాయి. పచ్చగా ఉన్న ఆకులే, తొడిమతో సహా ఊడిపోతున్నాయి. రాయి మీదిది ఉన్నట్టే ఉంది, పాతినది మాత్రం కొత్త ఆకు కూడా వేసింది.

అందరూ పాతొద్దంటారు, నా దగ్గర పాతిందేమో బతికింది. ఇదేం లెక్క?

గప్పీసైన్యం (ఆదివారం, రాత్రి 9:14)

రైజోమ్ పాతేశావు బ్రో, అందుకే కుళ్లింది. బయటికి తీసి కొయ్యకి కట్టు.

మొదటితొట్టి (ఆదివారం, రాత్రి 9:20)

అన్నా, కొయ్యకి కట్టినవే కుళ్లాయి. పోస్టు ఇంకోసారి చదవండి ప్లీజ్.

నత్తనడక (ఆదివారం, రాత్రి 10:02)

గప్పీ గారు మొదటి లైను చూసి జవాబు రాసే మనిషి, ఏమీ అనుకోకండి. ఈ వేదికలో అందరికీ అలవాటే.

మీరు చెప్పినదాంట్లో వింతేమీ లేదు గానీ, కొన్ని విషయాలు తెలియాలి. ముక్కలు దేనితో కోశారు? ఒక్కో ముక్కకి ఎన్ని ఆకులున్నాయి? దారం ఎన్ని చుట్లు చుట్టారు, ఎంత బిగించారు? ఇంకో పని చేయండి. చేతులు కడుక్కుని తొట్టిలో చెయ్యి పెట్టి, కుళ్లిందనుకుంటున్న రైజోమ్‌ని బొటనవేలు, చూపుడు వేలి మధ్య పట్టుకుని మెల్లగా నొక్కండి. ఆ వెంటనే బతికున్నదాన్ని కూడా అలాగే నొక్కి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

మొదటితొట్టి (సోమవారం, ఉదయం 7:35)

నొక్కాను. రాయి మీది ముక్క పచ్చి అల్లం కొమ్ములా గట్టిగా ఉంది. కొయ్య మీది రెండో ముక్క ఒక చివర గట్టిగానే ఉంది గానీ, దారం ఉన్నచోట వేలు లోపలికి దిగిపోయింది. లోపల్నించి గోధుమరంగు జిగురు లాంటిది బయటికొచ్చింది. వేలు వాసన చూసుకుని తప్పు చేశాను. రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు.

మీ ప్రశ్నలకి జవాబులు: ఇంట్లో ఉన్న కత్తెరతో కోశాను. రైజోమ్ గట్టిగా ఉండి ఒక్క దెబ్బకి తెగలేదు, రెండు మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది. చివరి ముక్కలకి నాలుగైదు ఆకులున్నాయి, మధ్యవాటికి రెండేసి. దారం ఏడెనిమిది చుట్లు చుట్టాను. ఊడి తేలిపోతుందేమోనని భయంతో బాగా లాగి ముడేశాను.

కొయ్యకి కట్టినవి ఆ మధ్య ముక్కలే. ఇప్పుడు రాస్తుంటే తట్టింది.

నత్తనడక (సోమవారం, మధ్యాహ్నం 1:15)

సగం జవాబు మీరే చెప్పేశారు.

రైజోమ్ వేరు కాదండి, కాండం. నిలువుగా పెరగకుండా అడ్డంగా పాకే కాండం. పైనుంచి ఆకులొస్తాయి, కిందినుంచి వేళ్లొస్తాయి. కాండం మీద ఆకులు మొలిచిన చోట కనిపించే గీతలే కణుపులు, మొగ్గలు నిద్రపోయేది వాటి దగ్గరే. మొక్క దాచుకున్న తిండంతా ఈ కాండంలోనే ఉంటుంది. ఆకు పోతే ఇంకో ఆకు వేసుకుంటుంది, వేరు పోతే ఇంకో వేరు. కాండం మెత్తబడితే మాత్రం ఆ మేరకు మొక్క లేనట్టే.

పాతొద్దని చెప్పడానికి కారణం కూడా ఇదే. రైజోమ్ చుట్టూ నీళ్లు ఆడుతూ ఉండాలి. మట్టిలోనో ఇసుకలోనో కప్పుకుపోతే ఆక్సిజన్ అందదు, కుళ్లు మొదలవుతుంది. అయితే పాతడం ఒక దారి మాత్రమే, కుళ్లుకి ఇంకా చాలా దారులున్నాయి. మీ ముక్కలకి రెండు దారులు ఒకేసారి తెరుచుకున్నాయి.

మొదటిది కత్తెర. కత్తెర రెండు వైపుల నుంచీ నలుపుతుంది. పదును లేకపోతే తెగే ముందే కణజాలం చితికిపోతుంది. పైకి గీత చక్కగానే కనిపిస్తుంది, లోపల అర సెంటీమీటరు దాకా కమిలి ఉంటుంది. మధ్య ముక్కలకి ఈ గాయం రెండు చివర్లా అయింది, పోషించడానికి ఉన్నవి రెండే ఆకులు. చివరి ముక్కలకి ఒకవైపే గాయం, పైగా ఆకులెక్కువ. మీ లెక్క తేలింది ఇక్కడే అనుకుంటున్నాను, పాతడం దగ్గర కాదు.

రెండోది దారం. నైలాన్ దారం సాగదు, కరగదు. కాండం కొంచెం లావెక్కినా సరే, కోసుకుంటూ లోపలికి దిగుతుంది. ఎనిమిది చుట్లు బిగించి కట్టడమంటే మొక్కకి ఉరి వేసినట్టే. అసలు కట్టాల్సింది రైజోమ్‌ని కాదు, వేళ్లని. వేళ్ల మీదుగా రెండు చుట్లు వదులుగా చుట్టి, మొక్క కదలకుండా ఉంటే చాలు. నేను కాటన్ దారమే వాడతాను. కొన్ని వారాల్లో అదే పుచ్చి ఊడిపోతుంది, ఆపాటికి వేళ్లు కొయ్యని పట్టేసుకుంటాయి.

రాతిమొక్క (సోమవారం, సాయంత్రం 6:40)

నత్తనడక గారి మాటకి ఎదురు చెప్పడం నాకు ఇష్టం ఉండదు గానీ, పాతడం గురించి ఒక మాట. నా పాత తొట్టిలో అనూబియాస్ రెండేళ్లకి పైగా సగం మునిగే ఉండేది. బఠాణీ గింజంత గులకరాళ్లు, కింద అండర్‌గ్రావెల్ ఫిల్టర్. అది నీళ్లని రాళ్ల మధ్యగా ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉండేది. రైజోమ్ చెక్కుచెదరలేదు.

అందుకే "పాతితే చస్తుంది" అని సూత్రంలా చెప్పడం నాకు నచ్చదు. పాతిన చోట నీళ్లు కదులుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. మీ నాలుగో ముక్క బతకడానికి అదే కారణమై ఉండొచ్చు. మీ గులకరాళ్లు ఎంత సైజు?

నల్లఇసుక (సోమవారం, రాత్రి 8:05)

అవునండి, కదిలితే బాగానే ఉంటుంది. అందరికీ అండర్‌గ్రావెల్ ఫిల్టర్ ఉండదు కదా! కొత్తవాళ్లు ఇది చదివి "ఓహో పాతొచ్చన్నమాట" అనుకుంటారు.

నా అనుభవం చెబుతాను. నాది సన్న ఇసుక. అనూబియాస్‌ని నేను పాతలేదు, ఇసుక మీద పెట్టానంతే. వేళ్లు మాత్రం లోపలికి గుచ్చి, రైజోమ్ మొత్తం బయటే ఉంచాను. రూల్ ప్రకారం అంతా కరెక్ట్. అయినా నెలకల్లా మెత్తబడింది. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా కారణం దొరకలేదు. ఒకరోజు రాత్రి లైటు తీసేసి టార్చ్ వేసి చూద్దును కదా, కోరీలు (నేల తవ్వే చేపలు) ఆరు మొక్క చుట్టూ చేరి ముక్కులతో ఇసుక తవ్వుతున్నాయి. తవ్విన ఇసుకంతా రైజోమ్ మీద పడుతోంది. నేను వారానికోసారి నీళ్లు మార్చేటప్పుడు ఊదేసేవాణ్ణి, మిగిలిన ఆరు రోజులూ అది కప్పుకుపోయే ఉండేది!

మనం పాతకపోయినా తొట్టిలో పాతేవాళ్లు వేరే ఉంటారు. అప్పట్నించి అనూబియాస్‌ని నేల మీద పెట్టడం మానేశాను. పిడికెడంత రాయికి అంటించి, ఆ రాయిని ఇసుకలో కొంచెం దించుతాను. చూడ్డానికి నేలలో నాటినట్టే ఉంటుంది, రైజోమ్ రెండు అంగుళాల ఎత్తులో ఉంటుంది.

మడుగు (సోమవారం, రాత్రి 11:30)

చదువు రీత్యా మొక్కల జబ్బుల వైపు కొంచెం పరిచయం ఉంది కాబట్టి, అసలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. పోస్టు కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

పసుపు, అల్లం పంటల్లో దుంపకుళ్లు అన్న మాట వినే ఉంటారు. పొలంలో నీళ్లు నిలిచినప్పుడు, దుంపకి దెబ్బ తగిలినప్పుడు పిథియం లాంటి సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి. తొట్టిలో కథ కూడా ఇంచుమించు ఇదే. కణాలు బతకాలంటే ఊపిరి తీయాలి. చుట్టూ ఆక్సిజన్ లేకపోతే కణాలు బలహీనపడి చస్తాయి. నీళ్లలో ఎప్పుడూ ఉండే బాక్టీరియాకి అప్పుడు పండగ. మెత్తకుళ్లు తెచ్చే రకాలైతే (పెక్టోబాక్టీరియం వీటిలో ఒకటి, పాత పేరు ఎర్వినియా) కణాల మధ్య సిమెంటులా ఉండే పెక్టిన్‌ని కరిగించేస్తాయి. అందుకే కుళ్లిన రైజోమ్ ఎండదు, విరగదు, జారిపోతుంది. తొడిమ అడుగున పట్టు వదులుతుంది కాబట్టి ఆకు పచ్చగా ఉండగానే ఊడుతుంది. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన గుర్తు. ఆకు పసుపెక్కి, మచ్చలు పడి, మెల్లగా పోతే పోషకాల గొడవో ముసలితనమో అయ్యుంటుంది. పచ్చాకు తొడిమతో ఊడి, తొడిమ చివర గాజులా మెత్తగా ఉంటే వెంటనే రైజోమ్ చూడాలి.

వేడి సంగతి కూడా చెప్పాలి. 20 డిగ్రీల మంచినీళ్లు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకి పడిపోతుంది. అదే వేడికి బాక్టీరియా జోరు పెరుగుతుంది. ఎండాకాలంలో ఈ కుళ్లు ఎక్కువ కావడానికి ఇదే కారణం. అనూబియాస్‌కి 22 నుంచి 28 డిగ్రీలు హాయి.

అన్నట్టు, ఇవి ఎక్కడ పుట్టాయో చూస్తే సగం అనుమానాలు తీరతాయి. అనూబియాస్‌ది పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఇలాగే రైజోమ్ ఉండే ఇంకో తొట్టి మొక్క బుసెఫలాండ్రాది బోర్నియో దీవి. రెండూ వాగుల్లో రాళ్లకీ దుంగలకీ అతుక్కుని పెరుగుతాయి. కొంతకాలం నీళ్లలో, కొంతకాలం గాలిలో, ఎప్పుడూ పారే చోట. వాటి వేళ్లు ముఖ్యంగా పట్టుకోవడానికి. 1857లో షాట్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ జాతికి అనూబిస్ పేరు పెట్టాడు. అనూబిస్ అంటే పాతకాలపు ఈజిప్టు వాళ్లకి చనిపోయినవాళ్ల దేవుడు. మన తొట్టెల్లో దాని గతి ముందే తెలిసినట్టుంది.

మొదటితొట్టి (మంగళవారం, రాత్రి 9:50)

రాతిమొక్క గారూ, గులకరాళ్లు శనగగింజ సైజువి.

ఇవాళ ఆపరేషన్ చేశాను. కొత్త బ్లేడు తీసి స్పిరిట్‌తో తుడిచాను. రెండో ముక్క దారం కత్తిరించబోతే దారం కనిపించనే లేదు, కాండంలోకి దిగిపోయింది. గుండుసూదితో లేపాల్సి వచ్చింది. దారం లాగగానే రైజోమ్ రెండు ముక్కలైంది.

తెల్ల పళ్లెంలో పెట్టి, కుళ్లిన చివర నుంచి పలచగా చెక్కుతూ వచ్చాను. మొదట ముదురు గోధుమరంగు, ముట్టుకుంటే పేస్టులా ఉంది. తర్వాత లేత గోధుమరంగు, మధ్యలో మాత్రం గీతల్లా నలుపు. పైతొక్క చూస్తే నిగనిగలాడుతూ పచ్చగా ఉంది, లోపల ఇదీ సంగతి. పైన పటారం లోన లొటారం అంటే ఇదేనేమో. ఆరో చెక్కు దగ్గర లోపలంతా ఒకేలా లేత పచ్చగా, తడిగా, గట్టిగా వచ్చింది. అక్కడ ఆపాను. మిగిలింది ఒక సెంటీమీటరు, ఒక్క ఆకు.

మూడో ముక్కలో చెక్కడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఈ సెంటీమీటరు ముక్కని ఏం చేయాలి?

నత్తనడక (మంగళవారం, రాత్రి 10:20)

చక్కగా చేశారు. చాలామంది కుళ్లు కనిపించినంత వరకే కోసి ఆపేస్తారు, గోధుమరంగు నీడ లోపల ఉండిపోతుంది, పది రోజుల్లో మళ్లీ మొదలు. కోత తెల్లగానో లేత పచ్చగానో శుభ్రంగా కనిపించాక ఇంకో గోరంత ఎక్కువ కోసినా నష్టం లేదు. కోసిన ప్రతిసారీ బ్లేడు తుడవాలి.

ఇప్పుడు దాన్ని దేనికీ కట్టొద్దు, అంటించొద్దు. ఫిల్టర్ నీళ్లు పడే చోట చిన్న వలబుట్టలో తేలనివ్వండి. వారం పాటు చెయ్యి పెట్టకండి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు కదా, ఈ మొక్కల దగ్గర అది అక్షరాలా నిజం.

నీలిరొయ్య (మంగళవారం, రాత్రి 10:41)

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచరా? గాయాలకి వాడే 3 శాతం ద్రావణంలో రెండు నిమిషాలు ముంచి, మంచినీళ్లలో బాగా కడిగి వేస్తాను నేను. బుడగలొచ్చిన చోటల్లా కుళ్లుందని కూడా తెలుస్తుంది.

మడుగు (మంగళవారం, రాత్రి 11:05)

బుడగలు కుళ్లుకి పరీక్ష కావండి. కోసిన ఏ కణజాలం మీద పోసినా బుడగలొస్తాయి. మొక్క కణాల్లోనే పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ముక్క మీద వేసినా నురగ కడుతుంది.

ముంచడం తప్పని అనను, పైపైన ఉన్న బాక్టీరియా తగ్గుతుంది. తర్వాత అది నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి బాగా కడిగితే చేపలకి భయం లేదు. కాకపోతే లోపలికి దిగిన కుళ్లు దగ్గరికి అది చేరదు. బ్లేడు చేయాల్సిన పని మందు చేయదు. ఇంకోటి, మాస్ (నాచు మొక్క) అంటి ఉన్న మొక్కని ముంచొద్దు, మాస్ మాడిపోతుంది.

నీలిరొయ్య (మంగళవారం, రాత్రి 11:12)

బుడగల సంగతి నాకు తెలియదు! ఇన్నాళ్లూ బుడగలు చూసి మంచి ముక్కలు కూడా కోసేశానన్నమాట. థాంక్స్ అండి, బాధగా ఉన్నా సరే.

ఫెర్న్‌పిచ్చి (బుధవారం, ఉదయం 8:20)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా జావా ఫెర్న్ ఆకుల అడుగున నల్లటి చుక్కలు వరసగా వచ్చాయి. ఇది కూడా కుళ్లేనా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్, మొక్క మొత్తం పీకేద్దామా అనుకుంటున్నాను.

నల్లఇసుక (బుధవారం, ఉదయం 8:45)

పీకకండి! అవి సిద్ధబీజాలు, విత్తనాల లాంటివి అనుకోండి. ఫెర్న్ జాతికి మామూలే. ఆకు చివర్లలో బుల్లి మొక్కలు కూడా మొలవొచ్చు, వేళ్లొచ్చాక తుంచి పెట్టుకోండి. రైజోమ్ నొక్కి చూడండి, గట్టిగా ఉంటే హాయిగా నిద్రపోండి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. పాత రైజోమ్ వెనక చివర ఆకుల్లేకుండా ముదురు గోధుమరంగులో ఉంటుంది. అది కూడా కుళ్లు కాదు, ముసలి కాండం. రంగు చూసి నిర్ణయానికి రాకండి, నొక్కి చూడండి.

ఫెర్న్‌పిచ్చి (బుధవారం, ఉదయం 9:02)

గట్టిగా ఉంది. బతికించారు. ఇంకొక్కటే ప్రశ్న, క్రిప్టోకోరైన్ కూడా ఇలాగే రాయికి కట్టాలా?

నల్లఇసుక (బుధవారం, ఉదయం 9:10)

వద్దు వద్దు, అది నేల మొక్క. వేళ్లు మట్టిలోకి వెళ్లాలి, ఆకులు మొలిచే మొదలు మాత్రం పైకి కనిపించాలి. కొత్త తొట్టిలో దాని ఆకులన్నీ కరిగిపోయినా కంగారుపడి పీకకండి, వేళ్ల నుంచి మళ్లీ వస్తుంది.

రాతిమొక్క (బుధవారం, రాత్రి 7:30)

గ్లూ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మొదలుపెడతాను. దారం కన్నా గ్లూ నయం, చిన్న మొక్కలకి మరీను. సయనోఅక్రిలేట్ అని రాసి ఉన్న జెల్ రకం తీసుకోండి, పలచటిది అయితే కారిపోయి రైజోమ్ అంతా పూత పూస్తుంది. ఆ పూత కింద కాండానికి ఊపిరాడదు. రైజోమ్ అడుగున ఒక్క చుక్క, లేదా వేళ్ల గుత్తికే చుక్క పెట్టి, పది సెకన్లు నొక్కి పట్టి నీళ్లలో దించేయండి. తడికే అది గట్టిపడుతుంది. తెల్లగా మచ్చ కనిపిస్తుంది, కొన్నాళ్లకి పాచి పట్టి కలిసిపోతుంది.

నా మొదటి బుసెఫలాండ్రా అంటించిన రోజు బొటనవేలు కూడా రాయికి అతుక్కుపోయింది. ఒక చేత్తో రాయి పట్టుకుని గంట సేపు గోరువెచ్చని సబ్బునీళ్ల ముందు కూర్చున్నాను. ఇంకో హెచ్చరిక: గ్లూ మీద దూది పెట్టకండి, కాటన్ బట్టతో తుడవకండి. కాటన్ తగిలితే సర్రున వేడెక్కుతుంది, పొగ కూడా రావచ్చు. రాళ్ల సందులు పూడ్చడానికి కావాలని అలా చేసేవాళ్లున్నారు, అయినా వేళ్ల దగ్గర మాత్రం వద్దు.

నీలిరొయ్య (బుధవారం, రాత్రి 9:15)

మొక్క ఇంటికి వచ్చిన రోజు గురించి కూడా ఒక మాట. నా అనుభవంలో సగం కుళ్లు అక్కడే మొదలవుతుంది. కుండీలో వచ్చిన మొక్కకి చుట్టూ రాక్‌వూల్ ఉంటుంది, ఆ దూది లాంటి పదార్థం. పైనుంచి చూస్తే వేళ్లే లోపల ఉన్నట్టుంటాయి, తీసి చూస్తే రైజోమ్ సగం దాంట్లోనే కూరుకుని ఉంటుంది. చాలామంది కుండీతో సహా తొట్టిలో దించేస్తారు. ఒక గిన్నెడు నీళ్లలో పెట్టి, పటకారుతో పోగు పోగూ తీసేయాలి. గుత్తిగా కట్టిన మొక్కలకి సీసం పట్టీ చుట్టి వస్తుంది, అది కాండాన్ని నలుపుతుంది, విప్పి పారేయాలి. పొడుగాటి వేళ్లు రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించినా మొక్కకి ఏమీ కాదు, కొత్త వేళ్లే త్వరగా రాయిని పట్టుకుంటాయి.

మడుగు (గురువారం, రాత్రి 10:10)

ఇంతదాకా అంతా గాయం, ఊపిరి గురించే మాట్లాడాం. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా కుళ్లే సందర్భం ఒకటుంది.

ఒకసారి ఐదు రకాల అనూబియాస్ ఒకే పెట్టెలో తెప్పించాను. ప్రయాణంలో నాలుగు రోజులు ఆలస్యమైంది, పెట్టె వేడెక్కింది. విప్పగానే అన్నీ బాగానే కనిపించాయి, నొక్కితే గట్టిగానే ఉన్నాయి. కట్టలేదు, పాతలేదు, తేలనిచ్చాను. పన్నెండో రోజున ఒకటి మెత్తబడింది, కోశాను. మూడు రోజులకి పక్కది. కోస్తూ పోయాను, కుళ్లు నా బ్లేడు కన్నా ముందే నడిచింది. నెల తిరిగేసరికి ఐదింటిలో ఒక్కటి మిగిలింది. నా దగ్గర ఏళ్లుగా ఉన్న పాత అనూబియాస్ అదే నీళ్లలో ఉండి కూడా ఏమీ కాలేదు.

అది అంటువ్యాధా, లేక ఐదూ ఒకే పెట్టెలో ఒకేలా ఉక్కిపోయాయా అన్నది ఆ ఒక్క అనుభవంతో తేల్చి చెప్పలేను. అప్పట్నించి ఒక అలవాటు మాత్రం చేసుకున్నాను. ఏ కొత్త రైజోమ్ మొక్కయినా కనీసం మూడు వారాలు వేరే డబ్బాలో ఉంటుంది, చిన్న ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి), మామూలు వెలుతురు, అంతే. ఆ మూడు వారాలూ దాన్ని కోయను, విడగొట్టను. వచ్చిన రోజే ముక్కలు చేయడమంటే జ్వరంతో ఉన్నవాడికి ఆపరేషన్ చేసినట్టు. మొదటితొట్టి గారు చేసింది అదే, మనమంతా ఒకప్పుడు చేసిందే.

మొదటితొట్టి (శుక్రవారం, ఉదయం 7:15)

నిజమే, తెచ్చిన రోజు సాయంత్రమే కోశాను. ఇంకోసారి విడగొట్టాల్సి వస్తే ఎలా?

నత్తనడక (శుక్రవారం, మధ్యాహ్నం 12:50)

ముక్కకి కనీసం నాలుగు ఆకులుండాలి. పదునైన బ్లేడుతో ఒక్క కోత, రంపంలా ముందుకీ వెనక్కీ లాగొద్దు.

ఓపిక ఉంటే ఇంకో పద్ధతి ఉంది, నేను ఇప్పుడు ఇదే చేస్తున్నాను. రైజోమ్‌ని పూర్తిగా కోయకుండా పైనుంచి సగం లోతు గాటు పెట్టి వదిలేయడం. మొక్క ఒక్కటిగానే ఉంటుంది, తిండి అందుతూనే ఉంటుంది, గాటు వెనకాల ఉన్న కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. కొత్త కొమ్మకి రెండు మూడు ఆకులు వచ్చాక పూర్తిగా విడదీస్తాను. నెలలు పడుతుంది. నా పేరు చూస్తే తెలియడంలా?

మొదటితొట్టి (ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30)

అప్‌డేట్ ఇస్తున్నాను.

ముందు నాలుగో ముక్క, పాతింది. పోయిన వారం గులకరాళ్లు శుభ్రం చేస్తూ గొట్టం దాని పక్కన పెడితే గోధుమరంగు చెత్త పొగలా లేచింది. అనుమానం వచ్చి మొక్కని మెల్లగా పైకి లేపాను. ముందు భాగం, కొత్త ఆకులొచ్చే వైపు, రాళ్ల పైనే ఉంది, ఇనుములా గట్టిగా ఉంది. వెనక చివర రాళ్లలో బాగా లోతుగా దిగిపోయి ఉంది. అక్కడ రాళ్ల సందులన్నీ చేపల మలం, మిగిలిన మేతతో నిండిపోయాయి. ఆ చివర వేలెడు మందాన మెత్తబడింది. అంటే ఇన్నాళ్లూ పైన కొత్త ఆకు వేస్తూ కింద కుళ్లుతూనే ఉందన్నమాట. రాతిమొక్క గారు చెప్పినట్టు మొదట్లో నీళ్లు ఆడి ఉంటాయి, తర్వాత సందులు పూడుకుపోయాయి. మెత్తటిది కోసేసి, రాయికి ఒక్క చుక్క జెల్‌తో అంటించాను. వేలు అతుక్కోలేదు.

ఇక ఆ సెంటీమీటరు ముక్క. బుట్టలో తేలనిచ్చిన పదో రోజున ఉన్న ఒక్క ఆకూ రాలిపోయింది. చేతిలోకి తీసుకుంటే గోధుమరంగు పుల్లముక్కలా ఉంది. పారేద్దామనుకుని, నొక్కి చూస్తే గట్టిగా ఉంది కదా అని మళ్లీ వేసేశాను. నాలుగు వారాలు ఏ మార్పూ లేదు. మొన్న భూతద్దం పెట్టి చూస్తే పక్కన కణుపు గీత దగ్గర ఆవగింజంత పచ్చటి పొటమరింపు కనిపించింది. ఇవాళ అది కొస తేలి సూదిమొనలా అయింది. ఫొటో పెట్టాను, మసకగా ఉంది, ఫోన్ కెమెరా అంతకన్నా దగ్గరికి రానంటోంది.

దీన్ని ఇప్పుడు రాయికి అంటించొచ్చా?

నత్తనడక (ఆదివారం, రాత్రి 8:52)

ఇంకా వద్దు. రెండు ఆకులూ ఒక వేరూ రానివ్వండి. ఫొటో మసకగా ఉన్నా పది సార్లు చూశాను.

రాతిమొక్క (ఆదివారం, రాత్రి 9:05)

నాలుగో ముక్క విషయంలో నా మాట సగమే నిజమైంది, ఒప్పుకుంటున్నాను. నా అండర్‌గ్రావెల్ ఫిల్టర్ నీళ్లు లాగుతున్నంత కాలం బండి నడిచింది. ఆ మోటారు పోయి ఉంటే నాదీ ఇదే కథ.

గప్పీసైన్యం (ఆదివారం, రాత్రి 9:11)

ఈసారి మొదటి నుంచి చివరి దాకా మొత్తం చదివాను. పాతొద్దు బ్రో.